కిటికీ గట్టు మీద గ్లాసు

మొన్న పొద్దున కారు వేడెక్కేదాకా రేడియో పెట్టుకుని కూర్చున్నాను. పరాయి దేశంలో మేముండే ఈ రెజైనాలో జనవరి అంటే కారునైనా మనిషినైనా కాసేపు బతిమాలుకోనిదే కదిలించలేం. రేడియోలో ఇక్కడి కాలేజీ సంగతే నడుస్తోంది. క్యాంపస్‌లో ద్వేషపు మాటల మీద నిబంధనలు మళ్ళీ మారుస్తారట, ఫోన్లు చేసి అభిప్రాయాలు చెప్పండి అంటున్నారు. ఒకాయన, మాట తగిలి ఎవరూ చచ్చిపోరు, చదువుకునే చోట నోటికి తాళాలేమిటి అన్నాడు. ఆ తర్వాత ఒకావిడ, తగలనివాళ్ళకి అలాగే ఉంటుంది అంది. ఇంకొకాయన, ఏది ద్వేషమో ఏది వాదనో తేల్చేది ఎవరు అని అడిగాడు. ముగ్గురూ నిజమే చెబుతున్నట్టు అనిపించింది. అదే నా చికాకు. ఒక్కళ్ళయినా శుద్ధ అబద్ధం చెబితే హాయిగా తిట్టుకుని ఆసుపత్రికి డ్యూటీకి పోయేదాన్ని. కారు వేడెక్కింది, అద్దం మీద మంచు కరిగింది, నేను మాత్రం మా మేనకోడల్ని తలుచుకుంటూ అక్కడే ఉండిపోయాను.

మేనకోడలంటే మా తమ్ముడి ఒక్కగానొక్క కూతురు. కొన్నేళ్ళ కిందట ఈ కాలేజీలోనే డిప్లొమా చదవడానికి వచ్చింది. మా ఇంట్లో ఉండమంటే, క్యాంపస్‌లో ఉంటే ఇండిపెండెంట్‌గా ఉంటుంది అత్తా అని హాస్టల్లో చేరింది. నలుగురు తెలుగు ఆడపిల్లలకి కలిపి ఒక వంటిల్లు. బెజవాడలో అపార్ట్‌మెంట్‌లో పెరిగిన పిల్ల. వాళ్ళ నాన్న బ్యాంకు ఆఫీసరు. మా కులం వాళ్ళం ఊళ్ళో ఏమేం పడ్డామో ఆ పిల్ల చెవిన పడకూడదని మా తమ్ముడు పట్టుదలగా పెంచాడు. సెలవులకి కూడా మా ఊరు తీసుకెళ్ళేవాడు కాదు, అరకు తీసుకెళ్ళేవాడు. దాని ముందు ఆ పాతవేవీ ఎత్తకక్కా అని నాకు ఫోన్లో ఎన్నిసార్లు చెప్పాడో. నోట్లో నువ్వుగింజ నానదని పేరుపడినదాన్ని, ఆ ఒక్క విషయంలో మాత్రం నోరు కట్టేసుకున్నాను.

ఆ నలుగురూ వంతులవారీగా వండుకునేవాళ్ళు. ఇద్దరిది తెలంగాణ, ఇద్దరిది కోస్తా. పప్పులో చింతపండు వెయ్యాలా వద్దా అన్నదే వాళ్ళ మధ్య పెద్ద యుద్ధం. శనివారం మా ఇంటికొచ్చి ఆ గొడవలన్నీ అభినయించి చెబుతుంటే మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు. వాళ్ళలో ఒకమ్మాయి మా పిల్లకి బాగా దగ్గర. ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని సినిమాలు చూసేవాళ్ళు, ఒకే షాపులో పార్ట్‌టైమ్ చేసేవాళ్ళు. ఒకరోజు కబుర్లలో ఆ అమ్మాయి, మీదే ఊరు అని అడిగింది. మనవాళ్ళకి ఈ ప్రశ్న ఆవలింత లాంటిది, వచ్చాక ఆగదు. ఊరి పేరు చెబితే, మా చుట్టాలున్నారే అక్కడ, ఊళ్ళో ఎటువైపు అంది. ఆ రెండో ప్రశ్నకి మా కులంవాళ్ళం ఎవరమైనా ఒక్క క్షణం తడుముకుంటాం. మా పిల్లకి ఆ తడుముకోవడం నేర్పలేదు కదా. మా తాతగారి ఇల్లు ఫలానా పేటలో అని, పేట పేరు కూడా హుషారుగా చెప్పేసింది.

ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. మా పిల్ల వంట వంతు వచ్చిన రోజునే మిగతావాళ్ళకి పిజ్జా మీద మనసు పుట్టేది, అంతే. మొదట్లో అది సంబరపడింది కూడా, వంట తప్పిందని. తను చేసిన కోడికూర గిన్నె గిన్నెంతా ఫ్రిజ్‌లో ఉండిపోతే నాకు తెచ్చి ఇచ్చేది. ఎందుకు తినలేదే అంటే, డైట్‌లో ఉన్నారట అత్తా అనేది. ఆ కూర తింటుంటేనే నాకు అనుమానం వచ్చింది. బయటపెడితే నిజమైపోతుందేమోనని నోరు మూసుకున్నాను.

చివరికి ఒక శనివారం మధ్యాహ్నం ఫోను పట్టుకుని వచ్చింది. కాలేజీ తెలుగు స్టూడెంట్స్ గ్రూపులో ఒక ఫొటో. వాళ్ళ వంటింటి కిటికీ, అవతలివైపు గట్టు మీద మంచులో బోర్లించిన స్టీలు గ్లాసు. అది మా పిల్లదే. కింద 'చూరు గ్లాసు' అని రాసి ఉంది. పెట్టింది ఆ దుప్పటి స్నేహితురాలే. దాని కింద నవ్వు బొమ్మలు బారులు తీరి ఉన్నాయి.

"అత్తా, చూరు గ్లాసంటే ఏంటి? అందరూ నవ్వుతున్నారు, నాకే అర్థం కాలేదు."

మా నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ఇస్త్రీ చొక్కా, జేబులో ఎర్రసిరా పెన్ను. ఆయనతో కలిసి టీకొట్టుకి వెళ్ళిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. పాక చూరులో తాటాకుల మధ్య దోపిన గ్లాసుని ఆయన చెయ్యెత్తి తీసుకుని, కుండలో నీళ్ళతో తనే కడుక్కుని, పట్టుకున్నారు. కొట్టువాడు పైనుంచి టీ పోశాడు. తాగాక మళ్ళీ కడిగి చూరులోనే దోపారు. ఆ గ్లాసు మావాళ్ళకి మాత్రమే. బెంచీ మీద కూర్చున్నవాళ్ళ గ్లాసులు వేరే. ఆ బెంచీ మీద ఆయన చదువు చెప్పిన పిల్లలు కూడా ఉన్నారు. ఇదంతా నా వంటింట్లో నిలబడి ఆ పిల్లకి నేనే చెప్పాల్సి వచ్చింది. చెబుతున్నంతసేపూ అది నా మొహం చూడలేదు, ఫోనులో గ్లాసునే చూసింది. అయ్యాక నెమ్మదిగా, అయితే ఆ పిజ్జాలు, అంది. నాకు ఏడుపు ఆగలేదు. అది మాత్రం ఏడవలేదు.

సోమవారం తనే వెళ్ళి కంప్లయింట్ ఇచ్చింది. కాలేజీవాళ్ళు ఆ ఫొటోని ఎటు తిప్పి చూసినా కిటికీ, మంచు, గ్లాసు తప్ప ఏమీ కనపడలేదు. బూతు లేదు, బెదిరింపు లేదు. అర్థం చెప్పగల పెద్దమనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగితే నా పేరు ఇచ్చింది.

మా ఇంట్లో మాత్రం యుద్ధం మొదలైంది. మా ఆయన నన్ను వెళ్ళి చెప్పొద్దన్నాడు. పిల్ల మీద ప్రేమ లేక కాదు. ఆయన కాలేజీ రోజుల్లో హాస్టల్ మెస్సులో మాకు వేరే బంతి ఎందుకని గోడ మీద రాశాడు. విద్యార్థుల మధ్య ద్వేషం రెచ్చగొడుతున్నాడని రూలు చూపించి ఆయన్నే బయటికి పంపారు. బంతులు వేరే పెట్టినవాళ్ళు హాయిగా అన్నాలు తిన్నారు. కర్ర ఉన్నవాడిదే బర్రె, నోళ్ళు మూయించే రూలు ఏదైనా చివరికి మన నోటి దగ్గరికే వస్తుంది అని ఆయన వాదన. పైగా, నవ్వనివ్వండి, నవ్వితే ఎవరేమిటో తెలుస్తుంది, రూలు పెడితే లోపల్లోపల నవ్వుకుంటారు అన్నాడు. నేను ఊరుకోలేదు. తెలిసి ఏం చేసుకోవాలి, ఊరగాయ పెట్టుకోవాలా, ఆ పిల్ల వంటింట్లోకి వెళ్ళడం మానేసి గదిలో బ్రెడ్డు తింటోంది అన్నాను. ఇద్దరం గొంతులు పెంచుకున్నాం. మధ్యలో మా మేనకోడలు ఒక్క మాట అంది.

"నువ్వు గ్లాసుకి అర్థం చెప్పాలంటే నేనెవరో కూడా చెప్పాలి కదత్తా. చెప్తే అందరికీ తెలుస్తుంది, చెప్పకపోతే నేను ఊరికే గొడవ చేశానంటారు."

మా ఆయన ఏదో అనబోతే అదే, చెప్పెయ్యత్తా అంది.

కమిటీలో ముగ్గురు. పెద్దావిడ చాలా మంచిది, నేను నోరు తెరవకముందే టిష్యూల డబ్బా నా వైపు జరిపింది. చెప్పాను. ఇంగ్లీషులో చెబుతుంటే మా నాన్న కథ ఎవరో పరాయివాళ్ళ కథలా వినపడింది. వాళ్ళలో ఒకాయన మర్యాదగానే అడిగాడు, ఇవాళ గ్లాసు ఫొటోని నిషేధిస్తే రేపు దేన్నని నిషేధించాలి, సరదాకి పెట్టినవాళ్ళ సంగతేమిటి అని. తప్పు ప్రశ్న కాదు. నాకూ తెలియదండీ, ఈ పిల్ల అన్నం మానేసింది, అది మాత్రం తెలుసు అన్నాను. ఆ స్నేహితురాల్ని పిలిచి అడిగితే వెక్కివెక్కి ఏడ్చింది. వాళ్ళ తాతయ్య ఇంట్లో ఆ మాట అని నవ్వేవాడట, తనూ నవ్వించాలనుకుందట. మా పిల్ల చెయ్యి కొంచెం ముందుకు జరిగి, ఆగిపోవడం నేను చూశాను. అలవాటుగా ఆ అమ్మాయి కన్నీళ్ళు తుడవబోయింది.

కాలేజీ చెయ్యగలిగింది చేసింది. ఫొటో తీయించారు, క్షమాపణ చెప్పించారు, నిబంధనల్లో కులం అన్న మాట చేర్చారు. నేను సంతోషించాను, ఇప్పటికీ ఆ మాట అక్కడ ఉండాల్సిందే అంటాను. సాయంత్రానికల్లా తెలుగు పిల్లలందరికీ మా పిల్ల ఎవరో తెలిసిపోయింది. ఆ రోజు నుంచి ఎవరూ నవ్వలేదు. అందరూ ఎంత మర్యాదగా మాట్లాడారంటే, ఆ మర్యాదకి భయపడి అది మా ఇంటికి వచ్చేసింది. ఆ వంటింట్లో వంతులు కూడా పోయాయి, ఎవరి గిన్నె వాళ్ళదే.

ఇప్పుడు మా మేనకోడలు దూరంగా కిచెనర్ అనే ఊళ్ళో మంచి ఉద్యోగం చేస్తోంది. పోయిన వేసవిలో వచ్చింది. ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చి వంటింట్లో కూర్చుంది, ఎండ మండిపోతోంది, గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చాను. బల్ల మీద పెట్టి, బ్యాగులోంచి తన బాటిల్ తీసి తాగింది. నా మొహం చూసి సిగ్గుపడింది.

"ఎవరింట్లోనూ గ్లాసు పట్టుకోలేనత్తా. నేను వెళ్ళాక దాన్ని ఎలా కడుగుతారో అనిపిస్తుంది. నీ మీద అనుమానం కాదులే, అలవాటైపోయింది."

సరేనమ్మా అన్నాను. ఆ గ్లాసులో నీళ్ళు నేనే తాగేశాను. అది బ్యాగులోంచి బాటిల్ తీస్తుంటే, మా నాన్న చూరులోంచి గ్లాసు తీస్తున్నట్టే అనిపించింది. కాలం ముందుకే నడుస్తుందన్న సంగతిని ఆ మధ్యాహ్నం దాకా నేను ఎప్పుడూ అనుమానించలేదు.