ఊపిరమ్మ పదో ఫోటో

ఆస్పత్రిలో అందరూ ఆమెను ఊపిరమ్మ అనేవారు. ఎక్స్‌రే గదిలో పద్దెనిమిదేళ్ల ఉద్యోగం. "గాలి పీల్చండి. బిగబట్టండి. ఇక వదలండి." ఈ మూడు ముక్కలూ రోజుకు అరవైసార్లు అనీ అనీ నోటికి అంటుకుపోయాయి. నిద్రలో కూడా అంటుందని ఆమె భర్త నలుగురిలో చెప్పి నవ్వించేవాడు. అబద్ధమని ఆమె, నిజమని ఆయన. నిజమే అయ్యుంటుంది లెండి.

నలభై దాటాక ఆమెకు కెమెరా పిచ్చి పట్టుకుంది. ఎముకల డాక్టరు కొత్తది కొనుక్కుని పాతది అమ్మేస్తుంటే తీసుకుంది. వెలుగు ఎంత పడాలి, ఎంతసేపు పడాలి అనేది ఆమెకు కొట్టిన పిండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆర్నెల్లు తలలు పట్టుకునే పాఠం ఆమె ఆరు రోజుల్లో మింగేసింది. ఆదివారాల్లో గ్రంథాలయం పైగదిలో కూడే ఫోటో సంఘంలో చేరింది. మెట్లు, గిన్నెలు, ఆరేసిన గొడుగులు, ఏది తీసినా దివ్యంగా వచ్చేది. మనిషిని తీస్తే మాత్రం కొయ్యబొమ్మే.

సంఘాన్ని నడిపే డ్రాయింగు మాస్టారిది కుండబద్దలు కొట్టే నోరు. "అమ్మా, నీ వెలుగుకు వంక పెట్టలేను. నీ మనుషులకే ప్రాణం ఉండదు" అన్నారు. ఏటా జరిగే ప్రదర్శనలో రెండేళ్లుగా ఆమె ఫోటో గోడ ఎక్కలేదు. మూడో ఏడూ ఎక్కకపోతే మళ్లీ ఓనమాల తరగతిలో కూర్చోవాలని సంఘం నియమం. అక్కడ ఉన్నవాళ్లంతా కాలేజీ పిల్లలు. తలుచుకుంటేనే ఆమెకు చెవులు వేడెక్కేవి.

ఆ ఏడు పందెం ఇదీ: ఒకే ముఖం, ఒకే లెన్సు, పదే ఫోటోలు. ఏదీ చెరపకూడదు, పదీ వరసగా చూపించాలి.

ఆమె అక్కను ఎంచుకుంది.

"పోయి పోయి మీ అక్కనా!" అన్నాడు భర్త. ఆయన భయంలో అర్థముంది. అక్క చెప్పుల దుకాణంలో పనిచేసేది. ఆమె నవ్వు విని రెండో జత కూడా కొనుక్కుపోయేవాళ్లున్నారు. అలాంటి మనిషి కెమెరా ముందు నిలబడితే ఎవరో కొత్త మనిషి అయిపోయేది. బ్యాంకులోనూ సర్కారు ఆఫీసుల్లోనూ గుర్తింపు కార్డు చూపిస్తే గుమాస్తాలు కార్డునీ ఆమెనీ మార్చి మార్చి చూసి, "ఇది మీరేనా?" అనేవారు. "నా ఫోటో చూసి నన్ను గుర్తుపట్టే మొనగాడు ఇంకా పుట్టలేదే" అని అక్క నవ్వేసేది కానీ, ఇంట్లో తన ఫోటో ఒక్కటీ ఉంచుకునేది కాదు. చెల్లెలికి అది తెలుసు. ఎంపిక వెనకున్న అసలు కారణం అదే.

శనివారం సాయంత్రం అక్కను వంటింటి కిటికీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి ఏడు ఫోటోలు తీసింది. ఏడింటిలోనూ అదే కొత్త మనిషి, మెడ బిగించి, కళ్లు పెద్దవి చేసుకుని.

"కాస్త మామూలుగా ఉండవే అక్కా!"

"ఎలా ఉండనే? నువ్వేగా ఊపిరి బిగబట్టమన్నావు!"

"నేనా? ఎప్పుడు?"

"ఏడుసార్లూ! 'కదలకండి, గాలి పీల్చండి, బిగబట్టండి' అని. అండీ గిండీ అంటుంటే నాకేదో జబ్బు చేసిందేమో అనుకున్నాను."

ఊపిరమ్మ కెమెరా దించింది. అంటే రెండేళ్లుగా తన ముందు కూర్చున్న ప్రతి మనిషినీ తనే బిగించేసి, పైగా వాళ్లకు ప్రాణం లేదని వాళ్లనే తిట్టుకుంది! నవ్వాలో ఏడవాలో తెలియక కెమెరా సంచిలో పెట్టేసింది.

సోమవారం ఛాతీ ఎక్స్‌రేకి ఒక తాపీమేస్త్రీ వచ్చాడు. కాలు దెబ్బతిని నిలబడలేకపోతున్నాడు. అందుకని స్టూలు మీద తనకెదురుగా కూర్చోబెట్టి, ఎక్స్‌రే పలక వీపు వెనక అమర్చింది. కిరణాలను ఆపే సీసపు అద్దం వెనక్కి వెళ్లి మూడు ముక్కలూ అంది. మామూలుగా "వదలండి" అనగానే ఆమె కళ్లు తెర మీదికి పోతాయి. ఆ రోజు మాత్రం మనిషి మీదే ఉంచింది. మేస్త్రీ భుజాలు దిగాయి. నుదురు విప్పారింది. హమ్మయ్య అన్నట్టు చిన్న నవ్వొచ్చి, ఆ ముఖం అతనిదైపోయింది. తర్వాత వచ్చిన ముసలమ్మా అంతే. ఆ తర్వాత వచ్చిన పోలీసూ అంతే. పద్దెనిమిదేళ్లుగా రోజుకు అరవైసార్లు తన ఎదుటే జరుగుతున్న ఈ వింతను ఆమె ఒక్కసారీ చూడలేదు.

ఇంటికెళ్లేముందే అక్క దుకాణం ముందు వాలింది. "పదవే, ఇంకా మూడున్నాయి."

మళ్లీ అదే కిటికీ, అదే స్టూలు. "గాలి పీల్చండి. బిగబట్టండి." నొక్కలేదు. అక్క బుగ్గలు ఉబ్బించుకుని ఎదురుచూస్తోంది. "ఇక వదలండి."

ఎనిమిదోది ఆలస్యమైంది, నవ్వు అప్పటికే దాటిపోయింది. తొమ్మిదోది సరిగ్గా పడింది కానీ ముఖమంతా అలుక్కుపోయింది. బిగుసుకున్న మనుషులకు అలవాటుపడి, షటర్ తెరిచి ఉండే సమయం ఎప్పుడూ సెకనులో ముప్పయ్యో వంతు దగ్గరే ఉంచేది. కదిలే మనిషికి అది చాలదు. రెండువందల యాభయ్యో వంతుకు కుదిస్తే ఈ సాయంకాలపు వెలుగు చాలదు. తక్కువ వెలుగునూ పట్టుకునేలా ఐఎస్ఓ పెంచితే ఫోటో నిండా సన్నని చుక్కలు వస్తాయి. ఎక్స్‌రేలో చుక్కలొస్తే మళ్లీ తీయాల్సిందే. చుక్కలంటే ఆమెకు ఒళ్లుమంట.

"రానీ, చుక్కలే కదా!" అని పైకే అనేసి ఐఎస్ఓ పెంచింది.

"ఎవరితోనే మాట్లాడుతున్నావు?" అంది అక్క.

"పేషెంటు మాట్లాడకూడదు. గాలి పీల్చండి. బిగబట్టండి..." అక్క కళ్లలో అప్పుడే నవ్వు ఊరుతోంది. "ఇక వదలండి!"

పదోది.

ఆదివారం మాస్టారు పది ఫోటోలూ వరసగా చూశారు. ఏడు చూసి పెదవి విరిచారు. తొమ్మిదోది చూసి కళ్లజోడు తుడుచుకున్నారు. పదోదాని దగ్గర చాలాసేపు ఆగిపోయారు. "చుక్కలు బాగా కనిపిస్తున్నాయండీ" అని వెనకనుంచి ఎవరో గొణిగారు. "నీకు చుక్కలు కనిపిస్తున్నాయా? నాకు మనిషి కనిపిస్తోంది" అని, మాస్టారు స్వయంగా కుర్చీ ఎక్కి గోడ నడిమధ్య మేకు కొట్టారు. ఊపిరమ్మ ఆ మేకు దెబ్బలు లెక్కపెట్టుకుంది. నాలుగు. ఆమె జీవితంలో అంత ఇంపైన సంగీతం వినలేదు.

ప్రదర్శన రోజు అక్క రానంది. చివరికి చెల్లెలు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఇద్దరూ మెట్లెక్కుతుంటే, పైనుంచి దిగుతున్న ఒక పెద్దావిడ అక్కను చూసి టక్కున ఆగిపోయింది. ఎన్నడూ చూడని మనిషి.

"లోపల గోడమీద ఉన్నది మీరే కదండీ!"

అక్క ఊపిరి బిగబట్టి నిలబడిపోయింది. చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్లనిండా నీళ్లు.

"అక్కా," అంది ఊపిరమ్మ మెల్లగా, "ఇక వదలండి."

"నేనే!" అంది అక్క. ఆ నవ్వు పైగదిదాకా వినిపించింది.