తొమ్మిదో తరగతి అగ్గిపెట్టెలు

నిజం ముందే చెప్పేస్తాను. కోవిల్‌పట్టికి నేను నేర్చుకోవడానికి వెళ్ళలేదు, తప్పు పట్టడానికి వెళ్ళాను.

రెండేళ్ళ కిందట మైసూరులో చరిత్ర ఉపాధ్యాయుల శిక్షణ శిబిరం జరిగింది. కోవిల్‌పట్టి నుంచి వచ్చిన జక్కమ్మాళ్ టీచరు నమూనా పాఠం చెబితే హాలంతా చప్పట్లు కొట్టింది. తర్వాత నేను తెలుగులో చెప్పాను. "బోర్డు మీద మీ చేతిరాత ముత్యాలండీ" అన్నారు, అంతే. ఆ మాట ఇప్పటికీ చేపముల్లులా గొంతులో ఉంది. పైగా మా పుత్తూరు బడిలో గొడవలొచ్చే పాఠం వస్తే నేను "ఇది పరీక్షకు రాదు" అని దాటేస్తాను. ఆవిడ దాటెయ్యదట. ఎలా చెబుతుందో చూద్దామని సెలవు పెట్టి బయల్దేరాను.

ఉదయం ఆరున్నరకు రైలు విరుదునగర్లో దింపింది. స్టేషను ఎదుట పొంగలి, వడ, కాఫీ. వడ మళ్ళీ అడిగి వేయించుకున్నాను. ఏడున్నరకు కోవిల్‌పట్టి బస్సు దొరికింది. ఎడమవైపు కూర్చోకండి, పొద్దుటెండ మొహం మీదే కొడుతుంది. సాత్తూరు దాటాక నల్లరేగడి చేలు, వాటి మధ్య అగ్గిపెట్టెల షెడ్లు. పక్క సీటాయన "స్కూల్లో పనా? ఆ టీచరమ్మ బాగా చెబుతుంది" అన్నాడు తమిళంలో. ఈయనకి కూడా తెలిసిపోయిందా అని ఒళ్ళు మండింది.

తొమ్మిదింటికి బడి గేటు దగ్గర ఆవిడే ఎదురొచ్చి, తన ఇంటి తెలుగులో పలకరించింది. "రాండి సారూ, పలారం అయ్యెనా?"

ఆ రోజు పాఠం దగ్గర్లోని కయత్తారులో కుంపిణీవాళ్ళు ఉరితీసిన పాళెగాడి గురించి. కొన్ని ఊళ్ళలో అతను వీరుడు. కొన్ని ఊళ్ళలో కళ్ళాల మీద పడి ధాన్యం ఎత్తుకుపోయిన దొర. రెండు రకాల ఊళ్ళ పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు.

ఆవిడ పద్ధతి ఇది. ఇంట్లో అవ్వలు చెప్పిన కథను పిల్లలు తమిళంలో చీటీ మీద రాసి, ఖాళీ అగ్గిపెట్టెలో పెట్టి తెస్తారు. ఆ ఊళ్ళో అగ్గిపెట్టెలకేం కొదవ. పేరుండదు. అన్నీ గుట్టపోసి ఒక్కొక్కరూ ఒకటి తీసుకుని, అందులోని కథను "మా అవ్వ చెప్పింది" అంటూ తమ ఇంటి కథలాగే చెప్పాలి. ఎవరి పెట్టె అని అడగకూడదు.

నాకు తమిళం వింటే తెలుస్తుంది, చదవడం రాదు. ఒకమ్మాయి "మా కళ్ళం ఊడ్చుకుపోయారు" అంటుంటే ఆమె గొంతు వణికింది. నా పాఠానికి ఏ పిల్ల గొంతూ ఎన్నడూ వణకలేదు. కడుపు మండిపోయింది.

ఆ పిల్లల్లో కొందరిది కూడా ఇంట్లో తెలుగేనని విన్నాను, ఆ భాషలో పలకరిస్తే నావైపు తిరుగుతారనుకున్నాను. లేచి, "ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు చేతులెత్తండి" అన్నాను.

సగం చేతులు భయంభయంగా లేచాయి. గడప దాటితే తమిళమే మాట్లాడే పిల్లలు వాళ్ళు. అక్కడ ఇంట్లో తెలుగంటే పాళెగాడి పక్షమని ఓ లెక్క ఉందని నాకు తెలియదు. "అయితే దోచుకున్నది మీవాళ్ళే" అన్నాడు మురుగన్ అనే కుర్రాడు తమిళంలో. బెంచీల మీద పిల్లలు ఎడంగా జరిగారు.

ముందు బెంచీలోని ముత్తులక్ష్మి అనే పిల్ల ఒక ఖాళీ పెట్టె నా ముందుకు తోసింది.

"మీ కతా పెట్టండి సారూ."

"ఏ కథ?"

"మీకు ఎవురితో సండ ఉండాదో ఆ కత."

సండంటే గొడవ. తెలుగులో రాశాను. అక్కడ ఎవరికీ తెలుగు చదవడం రాదన్న ధైర్యంతో నిజమే రాశాను.

గుట్ట కలిపారు. నా పెట్టె మురుగన్‌కే తగిలింది. వాడు చీటీని అటూ ఇటూ తిప్పాడు.

"ఆ అచ్చరాలు మాకెవురికీ రావు సారూ" అంది జక్కమ్మాళ్. "మీరు చదవండి, నేను వానికి చెప్పతాను."

చీటీ అందుకున్నాను. చదివాను. ఆవిడ ఒక్క మాట మార్చకుండా తమిళంలో చెప్పింది. మురుగన్ లేచి నిలబడి తన కథలాగే అందుకున్నాడు: "నేనొక వాద్యారుని. మైసూరులో ఇంకో టీచరుకు చప్పట్లు కొట్టారు. నేను ఓర్వలేకపోయాను. తప్పు పట్టడానికి వాళ్ళ ఊరు వచ్చాను."

ఎవరూ నవ్వలేదు. ఎవరి పెట్టె అని ఎవరూ అడగలేదు. మురుగన్ కూర్చుంటుంటే ఇందాక చెయ్యెత్తిన కుర్రాడొకడు జరిగి పక్కన చోటిచ్చాడు.

నా కుళ్ళు తగ్గిందా అంటే, ఇంకో మెట్టెక్కింది. నా నిజాన్ని కూడా ఆవిడ నాకంటే బాగా చెప్పింది.

మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు ఆవిడ బస్టాండుదాకా వచ్చి, వేరుశనగ మిఠాయి పొట్లంతో పాటు ఒక అగ్గిపెట్టె చేతిలో పెట్టింది. "బస్సు కదిలినంక తెరవండి సారూ."

లోపల చీటీ ఉంది, తమిళంలో. పక్కన ఏళాయిరంపన్నై వెళ్ళే పెద్దామె కూర్చుంది, ఫోనులో తెలుగే మాట్లాడుతోంది. చదివిపెట్టమన్నాను. కళ్ళద్దాలు సర్దుకుని, మెల్లగా తెలుగులో చెప్పింది:

"మైసూరులో ఒక సారు మా ఇంటి మాటను బోర్డు మింద ముత్తెముల మాదిరి రాసినాడు. నాకు మా ఇంటి మాట రాయను రాదు. ఆ దినం నాకు బువ్వ దిగలేదు."

చీటీ మడిచి ఇస్తూ అడిగింది. "ఎవురి పెట్టె సారూ ఇది?"

"అది అడగకూడదమ్మా" అన్నాను.