నాయనమ్మ టెంక అంబలి

కరువులో మా నాయనమ్మ ఊరందరినీ బతికించిన మామిడి టెంక అంబలి కాచడం నర్సీపట్నం మొత్తంలో నాకొక్కడికే తెలుసని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఆవిడ పడిన ఆకలి ఎలాంటిదో తెలుసుకోవాలని కిందటి వానాకాలంలో కాచాను కూడా.

వేసవిలో టెంకలు పగలగొట్టి, లోపలి జీళ్లు ప్లాస్టిక్ కవర్లో కట్టి అటక మీద పెట్టాను. దించేసరికి బూజు పట్టాయి. గుడ్డతో తుడిచేసి, పిండి చేసి అంబలి కాచాను. మొదటి గ్లాసు మా ఆవిడ సత్యవతికే ఇచ్చాను.

"ఏటండీ ఈ సేదు?" అంది.

"పాతకాలం తిండి అలాగే ఉంటాది, తాగు."

పాపం, గ్లాసు ఖాళీ చేసింది. సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే ఆటోలోనే స్పృహ తప్పింది.

"బూజు విషమండీ, లివరు దెబ్బతింది. ఇప్పుడే ఏమీ చెప్పలేను. ఈ వంట ఎవరు నేర్పారు?" అని అడిగాడు డాక్టరు.

ఎవరూ నేర్పలేదు. ఊరిని బతికించడం నేను అల్లిన కథ. ఆ అంబలి తాగాకే తన తమ్ముడు పోయాడని మాత్రం నాయనమ్మ చెప్పేది. ఆకలికి పోయాడని నేననుకున్నాను.

సత్యవతి బతికింది. 'నాయనమ్మ ఆకలి ఏమిటో ఆ వార్డులో నాకు అర్థమైంది' అని ముగిస్తూ ఇదంతా కాగితం మీద రాసి, ఆమెకు చదివి వినిపించాను.

"మీకేటి అర్థమైందండీ? గ్లాసు ముట్టనే లేదు. నాకు సెలైనెక్కుతుంటే కేంటీన్లో ఇడ్లీలు తిన్నారు" అంది.