సాంచల పక్కన సెట్ చేసిన బండి

సిరిసిల్ల నుంచి అన్న తన పాత బండిని బట్టల వ్యానులో ఎక్కించి తెచ్చి మా వాకిట్లో నిలబెట్టి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. వంద సీసీ బండి, టాంకు మీద గీతలు పడి ఉంది. దాని సైలెన్సర్ మాత్రం కొత్తది, పొట్టిగా, లావుగా, మూతి తెరుచుకుని ఉంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఉండాల్సిన చోట ఎర్రటి గరాటు లాంటిదేదో బిగించి ఉంది. ఇవన్నీ అన్న సెల్‌ఫోన్లో వీడియోలు చూసి సొంతంగా నేర్చుకుని చేసినవే.

"గాలి సాఫ్‌గ అస్తది, పొగ సాఫ్‌గ పోతది. మస్తు గుంజుతది సూడు," అన్నాడు.

బండి నాకు సరదాకు కాదు. జగిత్యాలలో ఒక రక్తపరీక్షల సెంటర్‌లో కౌంటర్ దగ్గర పని దొరికింది. పరగడుపున రక్తం ఇచ్చేవాళ్లు తెల్లవారుతుండగానే వచ్చి మెట్ల మీద కూర్చుంటారు. తాళం తీసి, వాళ్ల పేర్లు రాసుకోవాల్సింది నేనే. కోరుట్ల అవతల ఉన్న మా ఊరికి మొదటి బస్సు వచ్చేసరికి అక్కడ వాళ్లు టిఫిన్ చేసి ఇంటికి పోయే వేళవుతుంది. మా నాన్న, బాపు, కల్లు గీయడానికి చీకటితోనే పోతాడు కనుక నన్ను దింపలేడు. నాకు దక్కిన మొదటి ఉద్యోగం ఆ బండి మీదే ఆధారపడి ఉంది.

అది పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎంత కిక్కు కొట్టినా లేచేది కాదు. లేచాక, ఎక్సలేటర్ ఇస్తే ఒక క్షణం ఊపిరి బిగబట్టి, తర్వాత ఉరికేది. వదిలితే వెనక నుంచి టపటపా పేలేది. నేను నలుగురిలో చెప్పు చప్పుడు కాకుండా నడిచే మనిషిని. కోరుట్లలో హోటల్ ముందు మూల తిరుగుతుంటే అది పేలిందంటే, చాయ్ గ్లాసులు పట్టుకున్నవాళ్లంతా ఒక్కసారిగా నావైపు తిరిగేవారు.

"ఏం చెల్లే, దీపావళి గిప్పుడే అచ్చిందా?" అని ఒకాయన కేకేశాడు. మిగతావాళ్లు గొల్లుమన్నారు. హెల్మెట్ లోపల నా చెవులు కాలిపోయాయి.

ఆ వారమంతా ఆలస్యంగానే చేరుకున్నాను. సెంటర్ నడిపే మేడం కోప్పడలేదు. "సోమవారం నుంచి టైముకు రాలేకుంటే చెప్పమ్మా, ఇంకెవరినన్న సూసుకుంటం," అని మామూలుగానే అంది. మామూలుగా అన్నందుకే ఎక్కువ భయమేసింది.

ఇంటికొచ్చి అన్నకు ఫోన్ చేశాను. అతను సాంచలు నడుపుతాడు. సిరిసిల్లలో మరమగ్గాలను అలాగే అంటారు. ఫోన్ ఎత్తగానే ముందు వాటి దడదడే వినిపించింది.

"అన్నా, బండి పేలుతాంది!"

"పాలా? పాలేంది?"

"పాలు గాదే, పేలుతాంది!"

"ఆఁ, పాలు ఇరిగినయా? బాపమ్మను అడుగు!"

పెట్టేశాను. అరుగు మీద కూర్చున్న బాపమ్మ, అంటే మా బాపు వాళ్లమ్మ, అంతా విన్నది. "వారం సంది సూత్తాన. దానికి గాలి సోకింది బిడ్డా. కొండగట్టుకు కొంచవోయి నిమ్మకాయ కట్టియ్యి," అంది. దయ్యం పట్టడాన్ని మా దగ్గర గాలి సోకడం అంటారు, అది వదిలించడానికి కొండగట్టు గుడికి తీసుకుపోతారు.

బాపమ్మ మాటకు నవ్వాను గానీ, పడుకునేదాకా ఆ మాట నన్ను వదల్లేదు. నేనూ వీడియోలు చూశాను, హిందీలోవీ, తెలుగులోవీ. కార్బురేటర్ గురించి కథ చదివినట్టే చదివాను. గాలీ పెట్రోలూ ఒక కొలతలో కలవాలి. గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైతే బండి పొద్దున లేవదు, మధ్యలో తడబడుతుంది, సైలెన్సర్‌లో పేలుతుంది. మూడూ మా బండివే. డైరీలో ఆ రోజు తేదీ కింద 'గాలి' అని ఒక్క మాటే రాసుకున్నాను.

ఆదివారం సాంచలకు సెలవు. అన్న వచ్చాడు. వాకిట్లో బండి స్టార్ట్ చేసి చూపించాను. అతను తల వంచి విన్నాడు. ముఖం మారింది.

"గీ సప్పుడు ఎప్పటిసంది?"

"నువ్వు ఇచ్చిన కాడ్నుంచే."

"నేను సెట్ చేసినప్పుడు లేకుండె గదనే!"

"యాడ సెట్ చేసినవ్?"

"మా కార్ఖానా ముంగటనే. టాంకు మీద చెయ్యి వెట్టి సూసిన. మంచిగనే ఉండె."

అప్పుడు అర్థమైంది. సాంచల మధ్య ఎవరికీ ఏమీ వినిపించదు. మగ్గం బాగుందో లేదో అక్కడివాళ్లు దాని మీద చెయ్యి వేసి, ఆ అదురుతో తెలుసుకుంటారు. అన్న బండిని కూడా అలాగే చూశాడు. చేతికి ఏ తేడా తెలియలేదు. పేలుళ్లు మాత్రం సాంచల దడదడలో కలిసిపోయాయి.

"బాపమ్మ జెప్పింది నిజమే అన్నా. గాలే ఎక్కువైంది."

"సూసినవా!" అంది బాపమ్మ. "నిమ్మకాయ తేవాల్నా?"

"నిమ్మకాయ వద్దే, పాన తే!" అన్నాడు అన్న.

సైలెన్సర్ విప్పనంటే విప్పనన్నాడు. నేను ఫిల్టర్ గరాటు ఉండొద్దంటే ఉండొద్దన్నాను. చివరికి అతని సంచిలోంచి పాత ఫిల్టర్ డబ్బా బయటికొచ్చింది, పారేయలేదన్నమాట. అది బిగించాం. సైలెన్సర్ మూతి ఇరుకయ్యేలా, దాంతో పాటు వచ్చిన చిన్న గొట్టం అందులో పెట్టాం. కార్బురేటర్ పైమూత నేనే విప్పాను. అందులో సన్నని సూది ఉంటుంది, దాని తలకాయకు గాట్లు, ఒక గాట్లో క్లిప్పు. క్లిప్పును ఒక గాటు కిందికి దించితే సూది కాస్త పైకి లేస్తుంది, పెట్రోల్ కాస్త ఎక్కువ వస్తుంది. లాగుతుంటే క్లిప్పు ఎగిరి వాకిట్లో పడింది. ముగ్గురం వంగి వెతికాం. బాపమ్మ చీరకుచ్చిళ్లలో దొరికింది.

ఇక గాలి స్క్రూ మిగిలింది. బండి వేడెక్కాక అన్న స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు, వినే పని నాది.

"ఇంకింత లోపటికి... ఇంకింత... ఆగు!"

"గింతనేనా? నాకేం తెలుత్తలేదు."

"అన్నా, ఆగుమంటే ఆగు!"

పక్కింటివాళ్లు గోడ మీంచి చూశారు. నేను అంత గట్టిగా అరవడం వాళ్లు ఎప్పుడూ వినలేదు. ఆ క్షణం నాకు వాళ్లు గుర్తే లేరు. ఇంజిన్ ఒకే తీరుగా, బరువు దించుకున్నట్టు కొట్టుకుంటోంది. ఎక్సలేటర్ ఇచ్చి వదిలాను. ఒక్కసారి 'టప్' మని, ఊరుకుంది.

"ఆ ఒక్కటి ఉండనియ్యి," అన్నాడు అన్న. "పెట్రోల్ ఇంకింత ఇడిసే పెద్ద జెట్ దొరికినంక అదీ పోతది. అప్పుడు గూడ నువ్వే ఇనాలె."

సోమవారం చీకట్లో చోక్ లాగి కిక్కు కొట్టాను. మొదటి కిక్కుకు దగ్గింది. రెండోదానికి లేచింది. కోరుట్ల దాటాక రోడ్డు ఖాళీగా ఉంది, మక్కచేన్ల మీద మంచు. ఎక్సలేటర్ ఇచ్చినప్పుడల్లా బండి వెంటనే కదిలింది. జగిత్యాల చేరేసరికి సెంటర్ మెట్ల మీద ఒక పెద్దమనిషి తువ్వాల కప్పుకుని ఒక్కడే కూర్చున్నాడు. నేను తాళం తీస్తుంటే లేచాడు.

"నువ్వు రావేమో, ఆకలికి ఎంత సేపు ఉండాల్నో అనుకున్న. బస్సు అచ్చిందా బిడ్డా?"

"లేదు తాతా," అన్నాను, లైట్లు వేస్తూ. "బండి మీద అచ్చిన. కూసో, ముందు నీ పేరే రాస్త."