లుకిచ్ బస్సు వెనక్కి పోదు

"ఇంతకీ ఆ బస్సు మీదా, కాదా?"

రాని జీతం, బస్సు ఖర్చులు ఇప్పించమని ఫుట్‌బాల్ క్లబ్బు మీద దావా వేసిన డ్రైవరు రోదియోన్ లుకిచ్ పెస్తొవ్‌ను లుగోవ్స్క్ పట్టణ కోర్టులో జడ్జిగారు అడిగింది ఈ ఒక్క ప్రశ్నే. ఆవిడకి జలుబు. వరండాలో ఇంకా పదకొండు కేసుల జనం తడిసిన బూట్లతో కూర్చుని ఉన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, లుకిచ్ పరిస్థితి సరిగ్గా అదే. బస్సు నాదే అంటే, దానికి తన డబ్బుతో కొన్న టైర్లూ డీజిల్ పంపూ తన సొంత ఖర్చు కింద పోతాయి, క్లబ్బును అడగడానికి లేదు. నాది కాదంటే, జప్తువాళ్ల కళ్లుగప్పడానికి దొంగ అమ్మకం కాగితం రాయించుకున్నట్టు తన నోటితో తనే ఒప్పుకున్నట్టు.

లుకిచ్ బొచ్చు టోపీని చేతుల్లో ఒక చుట్టు తిప్పి, "క్లబ్బుదండీ" అన్నాడు.

"ఏ క్లబ్బుది?" అని అడిగింది అవతలి పక్క లాయరు యానా. చిన్నపిల్ల, వేళ్లకి ఎర్ర గోళ్లు. "మా క్లబ్బు 'మోటార్-1938' పుట్టింది 2017 ఆగస్టు పద్నాలుగున. రిజిస్ట్రేషన్ కాగితం మీ ముందుంది. ఈయన మా దగ్గర ఒక్కరోజు కూడా పని చెయ్యలేదు."

"మరి పేరులో పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిది ఎందుకుందమ్మా?" అన్నాడు లుకిచ్.

"అది అందం కోసం."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జిగారు ముక్కు తుడుచుకుని రాసుకున్నారు.

ఫుట్‌బాల్ క్లబ్బుల చరిత్రలు రాసేవాళ్లు గోల్సూ, కప్పులూ, కోచ్‌ల పేర్లూ రాస్తారు. లుగోవ్స్క్ మోటార్ క్లబ్బు చరిత్ర తెలుసుకోవాలంటే అంత కష్టపడనక్కర్లేదు. లుకిచ్ నడిపిన ఇకారస్ బస్సుకి ఎడమ తలుపు దగ్గర రంగు పెచ్చులూడింది, అక్కడ గోటితో గీకితే చాలు. అన్నిటికన్నా అడుగున నీలం. అది డీజిల్ ఇంజన్ల ఫ్యాక్టరీ కాలం నాటిది, 'మోటార్' అని తెల్ల అక్షరాలు. దాని మీద ఆకుపచ్చ, తొంభై మూడులో ఒక బ్యాంకు క్లబ్బును కొన్నప్పటిది. ఆ పైన ఎరుపు, వోద్కా ఫ్యాక్టరీవాళ్లది. చివరిది బూడిద రంగు. పట్టణ పాలకమండలి ఇష్టపడి వేయించింది కాదు, గిడ్డంగిలో ఆ డబ్బాలే మిగిలాయి. ప్రతిసారీ రంగు వేసింది లుకిచ్చే. రంగు మారినప్పుడల్లా ఆయన ఉద్యోగ పుస్తకంలో ఒక యజమాని పోయి ఇంకో యజమాని ముద్ర పడేది. అందరూ కాగితం మీద వేర్వేరు సంస్థలే. ఆయన మాత్రం అదే సీట్లో, అదే మెత్త మీద ముప్పై మూడేళ్లు కూర్చున్నాడు. బ్యాంకువాళ్లు ఒక ఏడాది జీతానికి బదులు ఎనామిల్ గిన్నెలిచ్చారు. ఆయన భార్య జినైదా ఇప్పటికీ క్యాబేజీ పులుసు కాచేది వాటిలోనే.

ఆయన పనితనం సంగతి చెప్పాలంటే ఒక మూఢనమ్మకం గురించి చెప్పక తప్పదు. ఆటకి వెళ్లే జట్టు బస్సులో ఉండగా ఆ బస్సు వెనక్కి పోకూడదు. ఒక్క అడుగు వెనక్కి పోయినా ఆట పోయినట్టే. ఇది మన దేశంలో డ్రైవర్లందరికీ తెలుసు, కానీ దీన్ని లుకిచ్ పాటించినట్టు ఎవరూ పాటించలేదు. ఊరు కాని ఊరు వెళితే, ఆటగాళ్లు బస చేసిన హోటల్లో పడుకుంటే, ఆయన సాయంత్రం నడిచి బయల్దేరేవాడు. స్టేడియం గేటు ఎంత వెడల్పు, లోపల తిరగడానికి చోటుందా, దారిలో ఎవడైనా లారీ అడ్డం పెడతాడా అని అడుగులు కొలిచి చూసుకునేవాడు. ఒకసారి తిరగడానికి చోటు లేక పదకొండు కిలోమీటర్లు చుట్టేసి వచ్చాడు గాని రివర్స్ గేరు ముట్టుకోలేదు. అయినా జట్టు ఓడిపోతే కోచ్ మొదట వచ్చేది ఆయన దగ్గరికే.

"నిజం చెప్పు లుకిచ్, ఎన్ని మీటర్లు వెనక్కి తీశావ్?"

"మీ గోల్‌కీపర్ వలలోంచి తీసిన బంతులన్ని మీటర్లు కూడా తియ్యలేదండీ."

రెండో నియమం, ఆడమనిషి బస్సెక్కకూడదు. అలా జినైదా ముప్పై మూడేళ్లలో ఒక్కసారి కూడా మొగుడి బస్సెక్కలేదు. ప్రసూతి ఆసుపత్రికి వెళ్లింది కూడా పాల బండిలోనే.

జట్టు గెలిచిన రోజుల్లో ఇవన్నీ ముచ్చటగానే ఉంటాయి. 2016 వసంతంలో జీతాలు ఆగిపోయాయి. జప్తువాళ్లు వస్తున్నారని తెలిసి డైరెక్టర్ అర్కాది జఖారిచ్ లుకిచ్‌ను తన గదికి పిలిచాడు. టీ ఇచ్చాడు, నిమ్మకాయ చెక్క వేసి మరీ.

"బస్సు నీ పేర రాస్తాను. వెయ్యి రూబుళ్లకి అమ్మినట్టు కాగితం. ఆ వెయ్యి కూడా నేనే కడతాలే."

"నా పేర ఎందుకండీ?"

"మరి ఎవడి పేర రాయమంటావ్? దొంగ వెధవల పేరనా? క్లబ్బంటే కుటుంబం లుకిచ్. కుటుంబంలో నమ్మకస్తుడివి నువ్వొక్కడివే."

కుటుంబం అన్న మాట వినగానే జేబు తడిమి చూసుకోవాలని ఈ దేశంలో అరవై ఏళ్లు బతికిన మనిషికి తెలియాలి. తెలిసినా లుకిచ్ సంతకం పెట్టాడు. ఆ రాత తన పేర ఉండటం ఆయనకి కొంచెం గర్వంగా కూడా అనిపించింది. అది ఆయన తప్పే, కాదని ఆయన కూడా అనడు.

సెప్టెంబర్లో డీజిల్ లేక జట్టు ఒక ఆటకి వెళ్లలేదు. వెళ్లకపోతే మూడు గోల్స్‌తో ఓడినట్టు రాస్తారు. రెండోసారి వెళ్లకపోతే పోటీల్లోంచే గెంటేస్తారు. అక్టోబర్లో ఏడు వందల కిలోమీటర్ల దూరంలో ఆట. బస్సు పంపు పోయింది, ముందు టైర్లు గుండ్రాయిలా నున్నబడ్డాయి. కెప్టెన్ గ్లెబ్ సావిన్ గ్యారేజీకి వచ్చి టైరు మీద కూర్చుని, "ఇంతేనా రోద్యా బాబాయ్? ఎనభై ఏళ్ల క్లబ్బు టైర్ల దగ్గర ఆగిపోతుందా?" అన్నాడు. ఇరవై ఏళ్ల నుంచి ఎరిగిన మనిషి. పదిహేనేళ్లప్పుడు ఈ బస్సులోనే వాంతి చేసుకున్నవాడు.

జినైదాకి పై పళ్లు లేవు. కట్టించుకోవడానికి ఐదేళ్లుగా తొంభై ఆరు వేలు కూడబెట్టింది, పిండి డబ్బాలో. లుకిచ్ ఆ డబ్బు అడిగాడు. ఆవిడ డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది.

"తిరిగి ఎప్పుడిస్తారట?"

"అర్కాది జఖారిచ్ మాటిచ్చాడు. సీజన్ అయిపోగానే."

"అయితే నేను మెత్తగా ఉడికిన అన్నమే తింటాలే, చచ్చేదాకా."

లుకిచ్ ఆ పళ్ల డబ్బుతో పంపు కొన్నాడు, టైర్లు కొన్నాడు, ట్యాంకు నింపాడు. పదమూడు గంటలు నడిపాడు, వెనక్కి ఒక్క మీటరు తియ్యకుండా. జట్టు నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయింది.

మార్చిలో క్లబ్బు దివాలా తీసినట్టు ప్రకటించారు. బాకీలున్నవాళ్లు రెండు నెలల్లో అర్జీ పెట్టుకోవాలి. లుకిచ్ అర్జీ రాయించుకుని వెళుతుంటే అర్కాది జఖారిచ్ మెట్ల మీదే పట్టుకున్నాడు. "నువ్వు కూడానా? కుక్కల్లాగా శవం మీద పడుతున్నారు అందరూ. కొత్త క్లబ్బు వస్తుంది, మొదటి నెలే నీకు మొత్తం ఇప్పిస్తా. మన పరువు మనమే తీసుకోవద్దు." లుకిచ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండు నెలలు గడిచాయి. ఆగస్టులో కొత్త క్లబ్బు వచ్చింది. అదే స్టేడియం, అదే గది, అదే కుర్చీ, కుర్చీలో అదే అర్కాది జఖారిచ్. అద్దాల బీరువాలో పాత కప్పులన్నీ తళతళ మెరుస్తున్నాయి. చరిత్ర మొత్తం కొత్త క్లబ్బుకి వచ్చింది. అప్పులు మాత్రం పాతదానితో సమాధికి వెళ్లాయి. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాం గాని, తెప్ప మీదున్న పేరు మాత్రం చెక్కి పట్టుకుపోయేవాళ్లను లుగోవ్స్క్‌లోనే చూడాలి.

కోర్టు తీర్పు ఫిబ్రవరిలో వచ్చింది. బస్సు కాగితాల ప్రకారం రోదియోన్ లుకిచ్ పెస్తొవ్‌దే. దాని ఖర్చులు ఆయనవే. దాని పన్ను, ఏటా పద్దెనిమిది వేల ఏడు వందలు, ఆయనే కట్టాలి. జీతం సంగతి పాత సంస్థనే అడగాలి. పాత సంస్థ ఇప్పుడు లేదు.

బస్సును ఊరి బయట తోటలో దోసకాయల మడి పక్కన నిలబెట్టాడు. వసంతంలో జినైదా దాని కిటికీల దగ్గర టమాటా నారు పెంచింది. కోచ్ కూర్చునే మొదటి సీట్లో మిరప నారు పెట్టింది.

"ఓడిపోయిన కోచ్‌ల కన్నా ఇదే నయం. నీళ్లు పోస్తే ఎదుగుతుంది" అంది.

జూలైలో అర్కాది జఖారిచ్ తోటకే వచ్చాడు, కేకు పట్టుకుని. ఆగస్టులో క్లబ్బు ఎనభయ్యో పుట్టినరోజు. పాత ఆటగాళ్లను పాత బస్సులో ఎక్కించి మైదానం చుట్టూ తిప్పాలట. గవర్నరు వస్తున్నాడట.

"ఎనభయ్యా?" అన్నాడు లుకిచ్. "మీ లాయరమ్మ లెక్కన వచ్చే నెలకి ఒకటి నిండుతుంది."

"లాయర్ల మాటలు పట్టుకుంటావేంటయ్యా! ఒక్కరోజు లుకిచ్. ఆ రోజు వేదిక మీదే నీ చేతికి కవరిస్తా. అందరి ముందూ."

"కవర్లో ఏముంటుంది?"

"నువ్వు బాధపడేది ఏమీ ఉండదు."

లుకిచ్ నమ్మలేదు. కానీ గ్లెబ్ ఫోన్ చేశాడు, తర్వాత ఇంకో నలుగురు చేశారు, అందరిదీ ఒకటే మాట: "వస్తావుగా బాబాయ్?" పైగా కవరు. నమ్మని మనిషి కూడా కవరు గురించి రెండు వారాలు ఆలోచించగలడు. జినైదా పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి కొత్త ధర కనుక్కుని వచ్చింది. లక్షా ముప్పై.

పండగ రోజు పొద్దున లుకిచ్ బస్సు తుడిచి సిద్ధం చేస్తే, జినైదా పూల గౌను వేసుకుని వచ్చి మిరప మొక్కల కుండలు కిందికి దించి మొదటి సీట్లో కూర్చుంది.

"జీనా, ఇదేంటి? కుర్రాళ్లు గోల చేస్తారు."

"చెయ్యనీ. నా పళ్లు ఈ బండి కిందున్నాయి. నేను పైన కూర్చుంటా."

పద్నాలుగు మంది పాత ఆటగాళ్లు ఎక్కారు. పొట్టలు పెరిగినవాళ్లు, మోకాలు పోయినవాళ్లు. గ్లెబ్ మెట్టు మీదే ఆగిపోయాడు.

"బాబాయ్, ఆడమనిషిని ఎక్కించావేంటి? ఇవాళ మనవాళ్లకి ఆటుంది!"

"బండి నాది. ఆవిడ నా భార్య. ఎక్కుతావా, నడిచొస్తావా?"

మైదానం చుట్టూ సగం చుట్టు తిరిగి బస్సు వేదిక ముందు ఆగింది. అర్కాది జఖారిచ్ మైకు పట్టుకుని, "ముప్పై మూడేళ్లు! ఒకే క్లబ్బు, ఒకే బస్సు, ఒకే మనిషి!" అన్నాడు. ఆరు వేల మంది చప్పట్లు కొట్టారు. కోర్టులో ఒక్కరోజు కూడా పని చెయ్యలేదని చెప్పిన యానా కూడా ముందు వరసలో చప్పట్లు కొట్టింది, ఎర్ర గోళ్లు జాగ్రత్తగా చూసుకుంటూ. లుకిచ్ మెడలో మఫ్లరు వేశారు. చేతిలో కవరు పెట్టారు.

లుకిచ్ అక్కడే విప్పాడు. సీజన్ మొత్తానికీ రెండు టికెట్లు, ఏడో స్టాండు, గోల్ వెనక.

"ఇదేంటి అర్కాది జఖారిచ్?"

"మీ ఇద్దరికీ!" అన్నాడు అర్కాది, మైకుని చేత్తో మూసి. "నవ్వు, ఫొటో తీస్తున్నారు."

లుకిచ్ నవ్వలేదు. వెళ్లి తన సీట్లో కూర్చున్నాడు. ముందు దారి ఖాళీగా ఉంది, మిగిలిన సగం చుట్టూ తిరిగి గేటు దాటాలి. ఆయన చెయ్యి గేరు కర్ర మీద పడింది, ముందు సీట్లో జినైదా వైపు ఒకసారి చూశాడు. తర్వాత రివర్స్ వేశాడు.

ఇకారస్ ఒక మూలుగు మూలిగి వెనక్కి కదిలింది. ఒక మీటరు కాదు, పది మీటర్లు కాదు. పద్నాలుగు మంది పాత ఆటగాళ్లతో, ఆరు వేల మంది కళ్ల ముందు, గవర్నరు ముందు నుంచి, వచ్చిన సగం చుట్టు మొత్తం వెనక్కే. అద్దంలో చూసుకుంటూ, ఒక్క గీత చెరపకుండా నడిపాడు. స్టాండుల్లో నిరసనగా ఈలలు మొదలయ్యాయి.

"బాబాయ్! ఆపు! నీకు పిచ్చెక్కిందా? ఆట ముందు!" గ్లెబ్ సీటు కమ్మీ పట్టుకుని అరిచాడు.

"బస్సు నాదట. జడ్జిగారు చెప్పారు."

"మా మీద నీకేంటి కోపం? డబ్బు ఎగ్గొట్టింది మేమా?"

లుకిచ్ అద్దంలోకే చూస్తూ స్టీరింగు తిప్పాడు. 

ఆ రోజు మోటార్-1938 మూడు గోల్స్ కొట్టి గెలిచింది. ముప్పై మూడేళ్లు తిరగని వీధి లేకుండా తిరిగి కాపాడిన నియమం ఉత్త గాలి మాటని అలా తేలింది. ఆయనకి మిగిలిన ఆ ఒక్క శాపం కూడా పని చెయ్యలేదు. తర్వాత అక్టోబర్లో వరుసగా ఐదు ఆటలు ఓడినప్పుడు మాత్రం ఊరంతా అది గుర్తు తెచ్చుకుంది. దుకాణంలో రొట్టెలమ్మే ఆవిడ, "మీ ఆయన వెనక్కి తిప్పాడుగా, ఇంకేం గెలుస్తారు?" అని జినైదా మొహం మీదే అంది. గ్లెబ్ ఫోన్ చెయ్యడం మానేశాడు. అర్కాది జఖారిచ్‌కి పట్టణ పాలకమండలి గౌరవ పత్రం ఇచ్చింది. జీతాలు ఎగ్గొట్టడం లుగోవ్స్క్‌లో వాన లాంటిది, ఎవరి తప్పూ కాదు. బస్సు వెనక్కి పోవడం మాత్రం మనిషి చేసిన తప్పు.

ఏడో స్టాండు టికెట్లతో జినైదా పిండి డబ్బా మూత బిగించింది, వదులుగా ఉండేది. పళ్లు కట్టించుకోలేదు. బస్సు దోసకాయల మడి పక్కనే ఉంది, పన్ను కాగితం ఏటా నవంబరులో వస్తుంది, లుకిచ్ పింఛనులోంచి కడతాడు.

పదకొండు నెలల జీతం, రెండు లక్షల నలభై రెండు వేల రూబుళ్లు, ఆయనకి ఇంకా రావాలి.