నెగ్గిన ముక్క

లేసు అత్తయ్య తీగ కొన్న రోజులను చరిత్రకారులు నమోదు చేయకపోవడం తీరని లోటు. లేసు అల్లే కర్ర కండెల చివర పూసలు వేలాడాలి. ఆ బరువుకే దారం బిగువుగా నిలుస్తుంది. ఆ పూసలను పట్టి ఉంచే తీగ విషయంలో ఆవిడ కన్నకొడుకునైనా నమ్మదు. రాగి తీగ తెల్ల లేసుకు పచ్చ మరక పెడుతుందని అనుమానం. నైలాను దారం సాగుతుందని అనుమానం. ఇత్తడి తీగ మరీ మెరుస్తోంది కాబట్టి అది ఇత్తడేనా అని అనుమానం. అందుకే కొట్టులో ఇత్తడి ముక్కను వాసన చూసి, రుమాలుకు రుద్ది, ఒకేచోట పదిసార్లు ఇటూ అటూ వంచింది.

"తీగ కొంటున్నారా, నేరం ఒప్పిస్తున్నారా అమ్మా?" అన్నాడు కొట్టాయన.

"ఒప్పుకునేదాకా వదలను."

తీగ చుట్ట మొత్తం కొన్నా, ఆవిడ నమ్మింది పరీక్ష నెగ్గిన ఆ ముక్కనే. వాళ్ళమ్మ ఇచ్చిన నీలం గాజుపూసను దానితోనే కండెకు కట్టింది. మూడోనాటికి తీగ తెగి, పూస గచ్చు మీద పడి అంచు చిట్లింది. మళ్ళీ పడితే రెండు ముక్కలే.

"నా కండెల జోలికి ఎవరొచ్చారే?" అంది, కోడలి వేళ్ళకేసి చూస్తూ.

"నేనే వచ్చానత్తయ్యా. పక్క కండెకు పూస కట్టాను."

"ఏ తీగతో?"

"చుట్టలో మిగిలినదానితో. మీరు నమ్మనిదానితో."

అత్తయ్య కోడలు కట్టిన పూసను పట్టుకుని బలమంతా పెట్టి లాగింది. కదల్లేదు. కోడలి వైపు మరింత అనుమానంగా చూసింది.

ఒకేచోట పదిసార్లు వంచితే ఏ తీగైనా తెగుతుంది.