సమ్మెల కూడ లేటు కాని పని

మొన్న మా కాలనీల నా తప్పేం లేదని తేల్చిన్రు. ఎట్ల తేల్చిన్రో వింటే మీరు నవ్వుతరు. నాకైతే బయట మొహం చెల్లుతలేదు.

మా బొగ్గు గని ఆఫీసుల నాది ప్లానింగ్ సెక్షన్. బొగ్గు మోసే కొత్త బెల్టు పని ఎందాక వచ్చిందో కంప్యూటర్ల చూపెట్టాలె. మొదటి ప్లాన్ బూడిద రంగు గీత, ఇప్పటి తారీఖులు నీలం గీత. నీలం గీత కుడి దిక్కు ఎంత జరిగితే పని అంత లేటన్నట్టు. ఆ బూడిద గీతను బేస్‌లైన్ అంటరు. దాన్ని ముట్టుకోవద్దని ట్రైనింగ్‌ల చెప్పిన్రట. అప్పుడు నేను చాయ్‌కి పోయిన.

తెలంగాణ కోసం చేసిన సమ్మె అయిపోయినంక మళ్ల డ్యూటీ ఎక్కినం. సమ్మెల పోయిన రోజులు లెక్కేసి తారీఖులన్నీ ముందుకు జరిపి, బేస్‌లైన్ గూడ మళ్ల సేవ్ కొట్టిన. పాతది పోతది, ఫరవాలేదా అని కంప్యూటర్ అడిగింది. మంచికే అడుగుతుందనుకోని ఎస్ అన్న. రెండు గీతలు ఒకదాని కింద ఒకటి సమానంగ కూసున్నయి. లేటు సున్నా.

మీటింగ్‌ల మేనేజర్ సారు రిపోర్టు చూసి, సమ్మెల గూడ ఈయన పని ఆగలేదని అందరి ముంగట మెచ్చుకున్నడు. ఎందుకో నాకు సమజ్ కాలె. మెచ్చుకుంటుంటే వద్దంటమా? నవ్వుకుంట నమస్తే పెట్టిన.

ఆ నవ్వే కొంప ముంచింది. క్యాంటీన్ల నేను పోయి కూసుంటే బల్ల కాడి నుంచి ఒక్కొక్కరే లేచిపోయిన్రు. నాకు ముందుగాల మనుషుల మీదనే అనుమానమొస్తది, మిషన్ల మీద రాదు. టైపిస్టు దానియేలు నా మెప్పు చూసి ఓర్వలేక ఏదో ఎక్కిచ్చిండని ఖాయం చేసుకున్న. ఇంటికి పోతే మా ఆమె తలుపు కాడనే నిలబడ్డది. బోరింగు కాడ ఆమెతోని ఎవ్వరూ మాట్లాడలేదట.

"నిజం చెప్పు. సమ్మెల రోజూ పొద్దుగాల ఏడికి పోయినవ్?"

సమ్మె టెంటుకే పోయిన అన్న. ఆమె నమ్మలె. అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. జీతం లేకుంట అందరితోని కూసున్నోన్ని, దొంగచాటుగ డ్యూటీ చేసినోడని పేరు పడితే ఇగ ఇక్కడ బతుకుడెట్ల?

తెల్లారి యూనియన్ లీడర్ రాజమల్లన్న మనుషులను తీసుకోని నా టేబుల్ కాడికి వచ్చిండు. వెనక దానియేలు. నేను పని చేసేటోన్ని కాదని పొద్దటి నుంచి నా తరఫున వాదిస్తున్నది ఆ దానియేలేనట.

"నువ్వు పని చెయ్యకపోతే లేటు సున్నా ఎట్లొచ్చింది తమ్మీ?" అన్నడు రాజమల్లన్న.

స్క్రీన్ తెరిచి చూస్తే అప్పుడు వెలిగింది నాకు. బెల్టు పని తారీఖు వచ్చే ఏడాదికి జరిపి, మళ్ల అట్లనే సేవ్ కొట్టి చూపెట్టిన. లేటు సున్నా. ఇంకో ఏడాది జరిపిన. సున్నానే. మొదటి ప్లాన్ ఏదని రాజమల్లన్న అడిగిండు. పోగొట్టిన అని చెప్పిన. అందులో ఏం తారీఖులుండె అన్నడు. యాదిలేదన్న నేను.

రాజమల్లన్న నా భుజం మీద చెయ్యేసి అందరి దిక్కు తిరిగిండు. "ఇడిసిపెట్టుండ్రి. ఈయన సమ్మెల పని చెయ్యలె. ఈయనకు పనే రాదు."

ఆ సాయంత్రమే మా ఆమెను బోరింగు కాడ అందరూ పలకరిచ్చిన్రు. నేను సమ్మె చేసినోన్నే అని ఇప్పుడు కాలనీ అంతా నమ్ముతున్నది. జీతం ఎందుకిస్తున్నరన్నదే ఎవ్వరికీ సమజ్ అయితలేదు.